చిరిగిందా, పూడుకుందా

రంగులక్క మొదట అనుమానించింది గోధుమరంగు డబ్బాని.

ఆ వారమంతా చెప్పుల కొట్టువాళ్ల సంచుల మీద అచ్చు వేస్తోంది. తెల్ల సంచి, దాని మీద గోధుమరంగులో ఒక జత బూట్లు. ఓ రోజు పొద్దున్నే లేచి స్నానాలగదిలోకి వెళ్తే మూత్రం అచ్చం ఆ రంగే, పాలు పోయని టీ రంగు. మామూలు మనిషైతే హడలిపోయేది. రంగులక్క మాత్రం చేతులవైపు చూసుకుంది. గోళ్ల సందుల్లో, వేళ్ల ముడతల్లో ఎటు చూసినా ఆ రంగే. ఇరవై ఏళ్లకు పైగా రంగుల్లో చేతులు పెట్టిన మనిషి, ఇన్నాళ్లకి అది చర్మం దాటి లోపలికి దిగిందేమో అనుకుంది. పనికి చేతి తొడుగులు వేసుకోవాలని ఒట్టు పెట్టుకుని, పళ్లు తోముకుని, పనిలోకి వెళ్లి ఆ ఒట్టు మర్చిపోయింది.

అంతకు ముందు రెండు మూడు రోజులుగా గొంతు నొప్పి, కాస్త జ్వరం. దాన్నీ దీన్నీ కలిపి చూడాలని ఆవిడకే కాదు, ఎవరికీ తోచదు. గొంతెక్కడ, నడుమెక్కడ?

రంగులక్కకి అసలు పేరు లేకపోలేదు. ఇంటి పన్ను రసీదు మీద ఉంటుంది. మిగతా లోకానికి ఆవిడ రంగులక్కే. బస్సు డిపో వెనక సందులో మెట్ల కింద రెండు గదుల దుకాణం. ముందు గదిలో సరుకు మడిచి కట్టలు కట్టే బల్ల. వెనక గదిలో అచ్చుబల్ల, ఆరబెట్టే తీగల అరలు, నీళ్ల గొట్టం పెట్టుకున్న సిమెంటు తొట్టి, సందులోకి తెరుచుకునే ఒక పెద్ద కిటికీ. పనంతా ఆ కిటికీ మీద ఆధారపడి ఉంటుంది. చెక్క చట్రానికి సన్నటి జాలీ బట్ట బిగించి, దానికి మందు పూసి, బొమ్మ ఉన్నచోట మాత్రం కన్నాలు తెరిచి ఉంచి, పైనుంచి రబ్బరు పట్టీతో రంగు లాగుతారు. తెరిచి ఉన్న కన్నాల్లోంచి రంగు దిగుతుంది, మూసినచోట ఆగుతుంది. అదీ విద్య. జాలీ బాగుందో లేదో తెలియాలంటే కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూడాలి. రంగులక్క దుకాణంలో మనుషులనీ అలాగే చూస్తుందని ఆడపడుచు ఎగతాళి.

ఆడపడుచు ముందు గదిలో కట్టలు కడుతుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. వదినామరదళ్ల మధ్య ఏ రోజుకారోజు ఒక తగువు ఉండాల్సిందే. లేకపోతే ఇద్దరికీ పని సాగదు. ఆ వారం తగువు స్నానాలగది గురించి.

"నువ్వు గది కడిగి సబ్బునీళ్లు సరిగ్గా వదలట్లేదు. కమోడులో ఒకటే నురగ," అంది రంగులక్క.

"నేను కడిగింది సోమవారం. ఇవాళ శుక్రవారం. నాలుగు రోజులు నురగొచ్చే సబ్బుంటే, పేరు చెప్పు వదినా, మనం అచ్చు మానేసి దాని ఏజెన్సీ తీసుకుందాం."

"మరి నురగెక్కడిది?"

"నీ తర్వాతే ఉంటోంది. నా తర్వాత ఉండట్లేదు. ఆలోచించు."

రంగులక్క ఆలోచించింది. గోధుమరంగు డబ్బా మీద నుంచి అనుమానం తీసి రంగు పలచన చేసే తిన్నర్ డబ్బా మీద పెట్టింది.

తర్వాత మొహం మొదలైంది. పొద్దున్నే కళ్ల కింద సంచులు. మేజోళ్లు విప్పితే చీలమండ చుట్టూ తాడు కట్టి లాగినట్టు గాడి. బొటనవేలితో నొక్కితే గుంట పడి, తిరిగి పూడటానికి తీరిగ్గా టైము తీసుకునేది. భర్త బస్సు డ్రైవరు. రోడ్డు మీద గుంట పడితే ఎక్కడుందో చెప్పగలడు కానీ మనిషి మీద పడితే ఏం చెప్పాలో తెలియని మనిషి.

"ఏడ్చావా?" అన్నాడు మొహం చూసి.

"ఏడవడానికి తీరికేదీ?"

"మరి రాత్రంతా కళ్లు నలుపుకున్నావా?"

"మీకు రెండే కారణాలు తెలుసా లోకంలో?"

సెలవు రోజు ఆవిణ్ణి వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడి ముసలి డాక్టరు బీపీ చూసి ఒకటికి రెండుసార్లు పట్టీ చుట్టాడు. మూత్రం సీసాలో పట్టించి కిటికీవైపు తిప్పి వెలుతురుకి పట్టాడు.

ఆ ఒక్క పనితో ఆయన మీద రంగులక్కకి గురి కుదిరింది. నిజానికి అది చాలా పాత అలవాటు. వందల ఏళ్ల కిందట ఎన్నో దేశాల్లో వైద్యుడంటే చేతిలో గాజుబుడ్డి పట్టుకుని మూత్రాన్ని వెలుతురులో చూసేవాడే. కొందరైతే రోగి మొహం చూడకుండానే బుడ్డిని చూసి జాతకం చెప్పేవాళ్లట. బుడ్డిలో ఎంత చూసినా లోపల ఏం జరుగుతోందో వాళ్లకి తెలిసే మార్గం లేదు. వాగులోకి బురదనీళ్లొచ్చాయని గట్టు మీది వాడికి తెలుస్తుంది, ఎగువన ఏ కట్ట తెగిందో తెలియదు. మన ముసలి డాక్టరుకి ఆ సంగతి తెలుసు కాబట్టే సీసాని పక్కన పెట్టి, ఒక కాగితప్పట్టీ ముంచి, రక్తం కూడా తీయించి, అన్నీ చూశాక చెప్పాడు.

"కిడ్నీల్లో రక్తాన్ని వడపోసే సన్నటి జల్లెళ్లుంటాయమ్మా. అవి వాచాయి. రక్తం, మాంసకృత్తులు మూత్రంలోకి దిగుతున్నాయి. నురగ అందుకే. పెద్దాసుపత్రిలో కిడ్నీ డాక్టరుకి చీటీ రాస్తున్నాను, ఆలస్యం చెయ్యకు. ఈలోగా ఉప్పు మానెయ్యి. నీళ్లు దాహమైతేనే తాగు, అదీ తక్కువగా."

ఆవిడ బుర్రకి పట్టింది ఒకటే మాట, జల్లెళ్లు. తిరిగొస్తూ దారి పొడుగునా మొహం తేలికపడింది.

"జల్లెడ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు," అంది భర్తతో.

ప్రపంచంలో ఏ మూలకెళ్లినా మనిషి ఏదో ఒకటి వడపోస్తూనే కనిపిస్తాడు. పిండి, నూనె, టీ, ఇసక, మాటలు. వడపోసే ప్రతివాడికీ తన జల్లెడే లోకంలో జల్లెడ. రంగులక్క జల్లెడకి రెండే జబ్బులు. రంగు ఆరిపోయి కన్నాల్లో ఇరుక్కుంటే పూడుకుంటుంది. అప్పుడు బొమ్మ వెలవెలబోతుంది. బట్ట పాతదై పీచు తెగితే చిరుగుతుంది. అప్పుడు పడకూడని చోట రంగు పడుతుంది. పూడుకుంటే మందు ఒకటే. తొట్టిలో నిలబెట్టి, వెనకవైపు నుంచి నీళ్ల గొట్టం జోరుగా వదలడం. చిరిగితే మందు లేదు, బట్ట మార్చడమే.

మనిషికి బట్ట మార్చడం కుదరదు కనక, తనది పూడుకుపోవడమే అయ్యుండాలని తేల్చుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పూడుకుంటే నీళ్లు వదలాలి. ముసలాయన తక్కువ తాగమన్నాడంటే, పాపం ఆయనకి కిడ్నీలు తెలుసుగానీ జల్లెళ్లు తెలియవు.

ఇక అడక్కండి. బల్ల మీద పెద్ద సీసా పెట్టుకుంది. అది ఖాళీ అయితే మళ్లీ నింపుకుంది. ఊళ్లో జనం కూడా కలిసొచ్చారు. సంచుల కోసం వచ్చిన చెప్పుల కొట్టాయన, "కిడ్నీయా? నీళ్లు బాగా తాగండి, అంతా కొట్టుకుపోతుంది," అన్నాడు. పక్క దుకాణం తాళాలవాడూ అదే అన్నాడు. కిడ్నీ అన్నమాట వినబడితే చాలు, లోకమంతా ఒక్క గొంతుతో నీళ్లు తాగమంటుంది. ఏ కిడ్నీకి ఏం వచ్చిందని అడిగినవాడు లేడు. ఆడపడుచు ఒక్కతే గొణిగింది.

"ఆయన వద్దన్నాడు కదా వదినా."

"ఆయన దుకాణానికి వచ్చి ఒక్క జాలీ కడిగి చూపించమను."

జాలీ కడిగితే నీళ్లు అటునుంచి ఇటు వచ్చేస్తాయి. ఇక్కడ అలా జరగలేదు. లోపలికెళ్లిన నీళ్లు లోపలే కాపురం పెట్టాయి. కాళ్లు మోకాళ్లదాకా దిమ్మెల్లా అయ్యాయి. ఉంగరం సబ్బు రాసినా రాలేదు. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఒక సాయంత్రం మంచం మీద వెల్లకిలా పడుకోబోయి లేచి కూర్చుంది. పడుకుంటే ఊపిరందట్లేదు.

భర్త లేచాడు. డిపోకి ఫోను చేసి ఎవరి బండి ఆసుపత్రివైపు వెళ్తోందో కనుక్కుని, ఆవిణ్ణి నడిపించుకొచ్చి తోటి డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. చీటీ ఆయన జేబులోనే ఉంది. రాసిన నాటి నుంచీ అక్కడే ఉంది.

*

కిడ్నీ డాక్టరు రంగులక్క కంటే చిన్నది, వేగంగా నడిచే మనిషి. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు మాస్కు ద్వారా గాలి పెట్టించి, నీరు దిగే సూది వేయించి, రంగులక్క మాట్లాడగలిగే స్థితికి వచ్చాక అడిగింది.

"నీళ్లు ఎక్కువగా తాగారా?"

"కడుగుదామని."

"ఏం కడుగుదామని?"

రంగులక్క చెప్పింది. చట్రం, జాలీ, తొట్టి, గొట్టం అన్నీ చెప్పింది. డాక్టరు నవ్వలేదు. కాసేపు విని, "మంచి ఆలోచనే. కానీ మీరు నీళ్లు జాలీ వెనకనుంచి వదులుతారు. ఇక్కడ వెనకవైపు లేదు," అంది.

"ఏదో ఒకవైపు ఉంటుంది కదా."

"నోటితో తాగిన నీరు రక్తంలో కలుస్తుంది. ఆ రక్తమే ఆ జల్లెడకి రావాలి. వాచిపోయిన జల్లెడ దాన్ని బయటికి పంపలేకపోతోంది. ఉప్పూ నీరూ వెనక్కి తన్ని ఒంట్లో నిలిచిపోయాయి. ఊపిరితిత్తుల్లోకీ చేరాయి."

"అంటే పూడుకుంది. నేనన్నదీ అదే."

"పూడుకుంది. చిరిగింది కూడా. దిగకూడని రక్తం దిగుతోంది కదా."

రంగులక్క మాస్కు తీసేసింది. "రెండూ ఎలా అవుతుందమ్మా? పూడుకుంటే ఏదీ దిగదు. చిరిగితే అన్నీ దిగుతాయి. ఏదో ఒకటి చెప్పండి."

"రెండూనే."

ఆ రాత్రి నుంచి రంగులక్కకి ఒంటి బాధ తగ్గి బుర్ర బాధ పట్టుకుంది. నీరు దిగుతోంది, ఊపిరి ఆడుతోంది, మొహంలో ఎముకలు మళ్లీ కనిపిస్తున్నాయి. కానీ ఈ లెక్క మాత్రం మింగుడు పడలేదు. నీళ్లు ఆగిపోతున్న జల్లెడలోంచి నెత్తురు ఎలా జారుతుంది? నీళ్లకంటే నెత్తురు చిక్కన కదా. డాక్టరు తప్పు చెబుతోందా, తనకి వినే తెలివి లేదా? భర్తని అడిగింది.

"మా బస్సులో ముందు తలుపు తెరుచుకోదు, వెనక తలుపు మూసుకోదు. రెండూ ఒకే బండికే," అన్నాడు.

"అవి రెండు తలుపులు. నేనడిగేది ఒక తలుపు గురించి."

"అయితే నాకు తెలీదు."

మర్నాడు డాక్టరు అసలు సంగతి బయటపెట్టింది. కిడ్నీల పని సగానికి పడిపోయింది. వాపు ఏ రకందో తెలియకుండా గట్టి మందు వేయడం చీకట్లో రాయి విసరడం లాంటిది. రకం తెలియాలంటే కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి.

"స్కానింగు తీశారు కదా," అంది రంగులక్క.

"స్కానింగులో కిడ్నీ ఎంతుందో కనిపిస్తుంది. అందులోని జాలీ కనిపించదు."

"వెలుతురుకి పట్టి చూడలేరా?"

"దాన్ని బయటికి తీస్తేనే వెలుతురు పడేది. అందుకే ముక్క."

"చిరిగిందంటున్నారు. చిరిగిన జాలీకి ఇంకో కన్నం పెడతారా ఎవరైనా?"

డాక్టరు కుర్చీలోంచి లేచింది. "బలవంతం లేదమ్మా. కానీ ఒక మాట వినండి. ఇప్పుడు అవి వాచి ఉన్నాయి. వాచినవి మందుకి తగ్గొచ్చు. వదిలేస్తే మచ్చకట్టి గట్టిపడతాయి. గట్టిపడ్డ జల్లెళ్లు తిరిగి రావు. అవన్నీ పోతే ఆ పని మిషను చెయ్యాలి, వారానికి రెండు మూడుసార్లు, జీవితాంతం. నేనైతే ఈ వారం దాటనివ్వను."

బీపీ బిళ్లలు, నీరు దిగే బిళ్లలు ఇచ్చి, ఆలోచించుకోమని ఇంటికి పంపారు. బయటికొస్తుంటే గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు కనిపించింది. నీలం మీద తెలుపు. రంగులక్క ఆగింది.

"ఇది మన పనే," అంది. "సున్నా దగ్గర అంచు చూడండి. చిన్న కన్నం ఉండి రంగు కారింది. అప్పుడే చెప్పాను, ఇంకో జాలీ కడదామని. మీ చెల్లెలు పర్లేదంది."

భర్త ఆ బోర్డుని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "నడు," అన్నాడు.

*

దుకాణంలో పని జరుగుతోంది గానీ రంగులక్క మనసు పనిలో లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. సూది వేయించుకుంటే ఉన్న జాలీ చిరుగుతుందేమో. వేయించుకోకపోతే గట్టిపడిపోతుంది. పైగా ఏ జబ్బో అర్థం కాకుండా దానికి తలొగ్గడం ఆవిడ ఒంటికి పడదు. పాడైన చట్రం తీసి కిటికీ దగ్గర పట్టుకుని నిలబడిపోయేది. పూడుకున్నది ఒకటి, చిరిగింది ఒకటి. రెండూ ఒకే దాంట్లో ఉన్నది కనిపిస్తుందేమోనని పాత సరుకంతా తిరగేసింది. కనిపిస్తే తన వాదం ఓడిపోతుందని మళ్లీ సర్దేసేది.

అలాంటి ఒక పూట కొత్త జాలీ బట్ట చుట్ట వచ్చింది. రంగులక్క అలవాటుగా అట్టపెట్టె కోసి, చుట్ట విప్పి, అంచున బొటనవేలి గోరంత ముక్క కత్తిరించింది. దాన్ని గాజుపలక మీద పెట్టి, పైన భూతద్దం పెట్టి వంగి చూసింది. దారాలు సమంగా ఉన్నాయా, కన్నాలు చదరంగా ఉన్నాయా అని చూడటానికి. అంగడివాడు చీటీ మీద ఏం రాసినా ఆవిడ నమ్మదు. ముక్క కోసి చూడాల్సిందే.

ఆడపడుచు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటా పని?"

"చూడట్లా? పోగు లెక్క."

"కొత్త బట్టకి కన్నం పెట్టావే."

రంగులక్క తల ఎత్తలేదు. ఏం రాబోతోందో ఆవిడకి తెలిసింది.

"పాతికేళ్ల నుంచీ వచ్చిన ప్రతి చుట్టకీ మూల కోస్తున్నావు," అంది ఆడపడుచు. "ఒక్కటైనా దానివల్ల పాడైందా? కోయకుండా తీసుకుంది ఒకే ఒక్కసారి, ఆ ఆసుపత్రి బోర్డులప్పుడు. ఇప్పటికీ సున్నా కారుతోందని మా అన్న చెప్పాడు."

"అప్పుడు పర్లేదంది నువ్వే."

"నేనే. అందుకే చెబుతున్నా. నాలాంటిదాని మాట వింటే ఏమవుతుందో చూశావు కదా."

రంగులక్క భూతద్దం కింద పెట్టింది. "చుట్టకి నెత్తురు కారదు."

"కారదు. నీకు కారితే పడుకోబెట్టి చూడ్డానికి అక్కడ మంచముంది, నర్సులున్నారు. చుట్టకి ఎవరున్నారు, నువ్వూ నేనూ తప్ప?"

"నీకేం, చెబుతావు."

"నాకేం లేదా? నువ్వు మిషనుకి అంటుకుని పడుంటే ఈ దుకాణంలో నేనెవరితో తగువు పడాలి? తాళాలవాడితోనా?"

అంతా చెప్పేసి ముందు గదిలోకి వెళ్లి గట్టిగా కట్టలు కట్టసాగింది. దారం తెగేలా లాగుతున్న చప్పుడు వినిపించింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా.

రంగులక్క ఆ చిన్న ముక్కని చాలాసేపు చూసింది. అది చెప్పే సంగతి, దాన్ని కోయకుండా ఎంత వెలుతురుకి పట్టినా చుట్ట చెప్పదు. ఆ మాట ఆవిడకి తెలియంది కాదు. తన నడుము దగ్గరికి వచ్చేసరికి తెలియకుండా పోయింది, అంతే.

*

"ముక్క ఎంతుంటుంది?" అని అడిగింది డాక్టరుని.

"పెన్సిలు ములుకంత సన్నం. గోరు పొడుగు."

"అందులో ఎన్ని జల్లెళ్లు?"

"పదో ఇరవయ్యో."

"మొత్తం ఎన్నున్నాయి?"

"ఒక్కో కిడ్నీలో లక్షల్లో."

"నేను కోసేదాని కంటే తక్కువే," అంది రంగులక్క. డాక్టరుకి అర్థం కాలేదు. కాకపోయినా తలూపి, రక్తం కారే ప్రమాదం కొంచెం ఉంటుందని, అందుకే ఒక రాత్రి కదలకుండా పడుకోబెడతామని దాచకుండా చెప్పింది. రంగులక్క సంతకం పెట్టింది.

బోర్లా పడుకోబెట్టారు. పొట్ట కింద దిండు. నడుము మీద చల్లగా ఏదో పూశారు. మొద్దుబారడానికి ఇచ్చిన సూది మాత్రం చురుక్కుమంది. ఊపిరి బిగబట్టమన్నారు.

'టక్' మని చప్పుడు.

రంగులక్క కళ్లు తెరిచింది. ఆ చప్పుడు తనకి తెలుసు. జాలీ బట్టని లాగి చట్రానికి బిగించేటప్పుడు పిన్నులు కొట్టే తుపాకీ ఇలాగే అంటుంది. ఎన్ని వేల చట్రాలకి కొట్టి ఉంటుంది తను. ప్రతిసారీ బట్ట ఒక్క క్షణం ఉలిక్కిపడి, తర్వాత బిగుసుకుని నిలబడేది. మళ్లీ ఊపిరి బిగబట్టమన్నారు. మళ్లీ 'టక్'. ఈసారి ఆవిడ ఉలిక్కిపడలేదు.

రాత్రంతా వెల్లకిలా పడుకోబెట్టారు. భర్త కుర్చీలో కూర్చుని ఆవిడ మొహం వంక కాక, మంచానికి వేలాడే మూత్రం సంచీ వంక చూస్తూ గడిపాడు. ఎరుపు పెరుగుతుందేమోనని. పెరగలేదు.

ఫలితం వచ్చినరోజు డాక్టరు కంప్యూటరు తెర వీళ్లవైపు తిప్పింది. గులాబీ, ఊదా రంగుల్లో గుండ్రటి ఉండలు. దారం ఉండ చిక్కుపడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఒక్కోటి.

"ఇదా జల్లెడ?" అంది రంగులక్క. తన జల్లెడ బల్లపరుపుగా ఉంటుంది. ఇన్నాళ్లూ లోపల కూడా ఒక చట్రం, ఒక బట్ట ఊహించుకుంది.

"ఇదే. సన్నటి రక్తనాళాలు ఉండచుట్టుకుని ఉంటాయి. వాటి గోడలే జల్లెడ. మీకు గొంతు నొప్పి వచ్చిందన్నారు కదా. దాంతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థం కొంత దారితప్పి వచ్చి ఇక్కడ ఇరుక్కుంది. దాన్ని చూసి ఒంట్లోని కాపలావాళ్లు ఇక్కడికొచ్చి పడ్డారు. వాళ్లు కుక్కుకోవడంతో నాళం ఇరుకైంది. నీరు ఆగింది. వాళ్ల కొట్లాటలో గోడలు దెబ్బతిన్నాయి. రక్తం కారింది."

"కంచే చేను మేసిందంటారు," అన్నాడు భర్త. చాలా రోజుల తర్వాత ఆయనకి ఒక సంగతి అర్థమైంది.

రంగులక్కకి కాలేదు. "నేనేం చేశానని? రంగుల వల్లా? తిన్నర్ వల్లా?"

"మీరేం చెయ్యలేదు. కొందరికి ఇలా వస్తుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు."

ఎవరి తప్పూ లేని పాడు సరుకుని రంగులక్క తన జన్మలో చూడలేదు. బట్టదో, మందుదో, చేతిదో, ఎవరిదో ఒకరి తప్పు ఉంటుంది. లేచి తెర దగ్గరికి వెళ్లింది. కళ్లు చికిలించి, భూతద్దం ఉన్నట్టు వంగి చూసింది.

"ఇందులో చిరిగింది ఏది? పూడుకుంది ఏది?"

డాక్టరు పెన్ను కొసతో ఒక ఉండని చూపించింది. "పూడుకుంది ఇది." మళ్లీ అదే ఉండ మీద పెన్ను పెట్టింది. "చిరిగింది ఇది."

"అదే కదా ఇదీ."

"అదే."

రంగులక్క చూస్తూనే ఉంది. పక్కన గట్టిపడి పాలిపోయిన ఉండలు కొన్ని ఉన్నాయి. అవి పోయినట్టే అని డాక్టరు చెప్పింది. మిగతావి ఎక్కువే, వాటి కోసమే మందు. కాపలావాళ్లని శాంతింపజేసే బిళ్లలు. కొన్ని నెలలు వాడాలి. మొహం ఉబ్బొచ్చు, ఆకలి పెరగొచ్చు, కోపం రావొచ్చు.

"కోపం సంగతి తేడా తెలియదులెండి," అన్నాడు భర్త.

*

మూత్రంలో ఆ రంగు ముందు పోయింది. నురగ పోవడానికి చాలాకాలం పట్టింది, ఇప్పటికీ కాస్త ఉంటుంది. పరీక్షల్లో కిడ్నీ పని కొంత పైకి వచ్చి అక్కడ ఆగింది. పూర్తిగా ముందులా కాదు, మిషను దాకానూ కాదు. గట్టిపడినవి గట్టిపడ్డట్టే ఉన్నాయి, ఉన్నవాటిని కాపాడుకోవడమే పని అని డాక్టరు అంది. దానికి రంగులక్క ఒప్పుకుంది. మార్చలేని బట్టతో ఎలా అచ్చు వెయ్యాలో ఆవిడకి కొంత తెలుసు. మెల్లగా లాగాలి, రంగు తక్కువ పొయ్యాలి.

చెప్పుల కొట్టాయన మళ్లీ సంచులకి వచ్చాడు. ఆవిడ మొహం బిళ్లల వల్ల చందమామలా గుండ్రంగా ఉంది. బల్ల మీద ఒక చిన్న గ్లాసు. పెద్ద సీసాలో ఆడపడుచు బ్రష్షులు పెట్టుకుంది.

"ఇంకా తగ్గలేదా? నీళ్లు తాగట్లేదనుకుంటా," అన్నాడాయన.

ముందు గదిలోంచి, "మొదలైంది," అంది ఆడపడుచు.

"మీరు ఇటు రండి," అంది రంగులక్క ఆయనతో. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక పాత చట్రం ఎత్తి వెలుతురుకి పట్టింది. "చూడండి. జల్లెడ ఉంది కదా. ఇది బల్లపరుపుగా ఉంది, కానీ లోపలిది ఉండలా ఉంటుంది. గొంతుకి వచ్చింది అక్కడికి పోతుంది. అప్పుడు కాపలావాళ్లు వస్తారు. వచ్చి..."

ఆగింది. మళ్లీ మొదలెట్టింది. "నీళ్లు ఆగుతాయి. కానీ నెత్తురు దిగుతుంది. అందుకే నీళ్లు తాగకూడదు. అంటే అందరూ కాదు. రాళ్లున్నవాళ్లు తాగాలి. నేను తాగకూడదు."

చెప్పుల కొట్టాయన చట్రంలోంచి సందులోకి చూశాడు. అటునుంచి తాళాలవాడు చెయ్యి ఊపాడు. ఈయన కూడా ఊపాడు.

"ఇంతకీ పూడుకుందా, చిరిగిందా?" అన్నాడు.

"రెండూ," అంది రంగులక్క.

ఆయన మొహం చూసింది. కనుబొమలు ముడిపడి, నోరు కాస్త తెరుచుకుని, ఏదో ఒకటి చెప్పమ్మా అన్నట్టున్న మొహం. ఆసుపత్రి మంచం మీద మాస్కు తీసేసి తను పెట్టిన మొహం అదే. అప్పుడు డాక్టరు ఎందుకు నవ్వకుండా కూర్చుందో ఇప్పుడు తెలిసింది.

"ఒకదానికే రెండూ ఎలా అవుతుందండీ?" అన్నాడాయన.

రంగులక్క చట్రం దించింది. చిన్న గ్లాసులోంచి ఒక్క గుటక తాగి, మూతి తుడుచుకుంది.

"కూర్చోండి," అంది. "మళ్లీ మొదట్నుంచి చెబుతా."